జాన్ ఆడమ్స్ ఉత్తరాలు సాక్ష్యంగా ఎంతవరకు నిలుస్తాయి?

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జులై 4తో 250 ఏళ్లు. ఆ ప్రకటన ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ మాటలు కొన్ని తప్పకుండా వినబడతాయి. ‘జులై 2ను రాబోయే తరాలు పండుగ చేసుకుంటాయి’ అన్నది ఒకటి. ‘మూడో వంతు జనం విప్లవానికి అనుకూలం, మూడో వంతు వ్యతిరేకం’ అన్నది ఇంకొకటి. ‘స్వాతంత్ర్యమనే శిశువు అప్పుడే, అక్కడే పుట్టింది’ అన్నది మరొకటి. మూడూ ఆయన ఉత్తరాల్లోవే. అయితే మొదటిదానికి ఒకప్పుడు అచ్చులో తేదీ మార్చేశారు. రెండోది అసలు అమెరికా విప్లవం గురించి కాదు. మూడోది సంఘటన జరిగిన 56 ఏళ్ల తర్వాత రాసింది.

క్లుప్తంగా: ఆడమ్స్ వృత్తిరీత్యా లాయరు, అలవాటురీత్యా ఉత్తరాల మనిషి. ఆయన రాతకు విలువ కట్టాలంటే ఎప్పుడు రాశారు, ఎవరికి రాశారు, దారిలో ఎవరైనా విప్పి చదువుతారన్న భయం ఉందా, మన చేతికొచ్చింది అసలు ప్రతా నకలా అన్నవి చూడాలి. అప్పటికప్పుడు రాసుకున్న నోట్సుకు ఉన్న బలం ముసలితనంలో రాసిన జ్ఞాపకానికి లేదు.

బందెలదొడ్డి తగాదా

మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో 1735 అక్టోబరు 30న ఆడమ్స్ పుట్టారు. తండ్రిది వ్యవసాయం, దానికి తోడు చెప్పులు కుట్టే పని. 1755లో హార్వర్డ్ చదువు ముగించి, ఊస్టర్‌లో బడిపంతులుగా ఉంటూ జేమ్స్ పట్నం అనే వకీలు దగ్గర లా నేర్చుకున్నారు. బ్రిటిష్ పాలనలోని ఆ వలస ప్రాంతాల్లో అప్పటికి లా కాలేజీలు లేవు. సీనియర్ దగ్గర చేరి పుస్తకాలు చదవడం, దావా కాగితాలు నకలు రాయడం, కోర్టులో కూర్చుని వినడం, ఇదే చదువు. 1758 నవంబరులో బోస్టన్‌లో ఆయనకు ప్రాక్టీసు అనుమతి దొరికింది.

మొదట పట్టిన కేసు మన ఊళ్ల బందెలదొడ్డి తగాదా లాంటిదే. జోసెఫ్ ఫీల్డ్ పొలంలో ల్యూక్ లాంబర్ట్ గుర్రాలు పడ్డాయి. ఫీల్డ్ వాటిని పట్టుకుంటే, నష్టం కట్టకుండానే లాంబర్ట్ విడిపించుకుపోయాడు. ఫీల్డ్ తరఫున ఆడమ్స్ రిట్ (ఎదుటి పక్షాన్ని కోర్టుకు రప్పించే ఆజ్ఞాపత్రం) రాశారు. న్యాయం తన కక్షిదారు వైపే ఉన్నా దావా నిలవలేదు, ఎందుకంటే రిట్‌ను అమలు చేయాల్సిన కానిస్టేబుళ్లను సంబోధించే చోట కౌంటీ ప్రస్తావన వదిలేశారు. ఆనాటి ఇంగ్లీషు చట్టంలో రిట్ అంటే అచ్చు గుద్దినట్టు ఉండాల్సిన కాగితం. ఒక మాట తగ్గినా ఎదుటి పక్షం దాన్నే పట్టుకుని దావా కొట్టేయించేది. కేసు పట్టాడు గానీ నడపలేకపోయాడని ఊళ్లో అనుకుంటారేమోనని ఆడమ్స్ డైరీలో బెంగపడ్డారు. తర్వాత జీవితమంతా కాగితం, తేదీ, నకలు విషయంలో ఆయన చూపిన పట్టుదల ఆ ఓటమితో మొదలైందని చెప్పడానికి లేదు. కానీ ఆ వృత్తి మనిషికి ఏ జాగ్రత్త నేర్పేదో దీంట్లో తెలుస్తుంది.

ఆ రోజుల్లో పెద్ద కోర్టు ఒకచోట ఉండేది కాదు. జడ్జీలు కౌంటీ నుంచి కౌంటీకి తిరిగేవారు, వకీళ్లు గుర్రాల మీద వెంట వెళ్లేవారు. ఆడమ్స్ సర్క్యూట్ ఇప్పటి మెయిన్ రాష్ట్రంలోని ఫాల్మత్ దాకా సాగేది. 1764లో పెళ్లాడిన భార్య అబిగైల్‌కు ఆ దారి నుంచి రాసిన ఉత్తరాల్లో ఆయన న్యాయదృష్టి బాగా కనబడుతుంది. రిచర్డ్ కింగ్ అనే వర్తకుడి ఇంటి మీద 1766లో గుంపు పడి కాగితాలు తగలబెట్టింది. ఆ కేసులో కింగ్ వకీలు ఆడమ్స్. సొంత కక్షలతో ఇళ్ల మీద పడే గుంపులంటే తనకు అసహ్యమని 1774 జులైలో భార్యకు రాశారు. అంతకు ఏడు నెలల ముందు బోస్టన్ రేవులో టీ పెట్టెలను సముద్రంలో పారబోసినప్పుడు మాత్రం డైరీలో మెచ్చుకున్నారు. రెండు మాటలకూ పొంతన లేదనిపించవచ్చు. జనం మౌలిక హక్కులకు ముప్పు వచ్చినప్పుడు జరిగే అలజడి వేరు, సొంత పగ వేరు అన్నది ఆయన గీసుకున్న గీత. గీత ఎక్కడ పడాలో ఎవరు తేలుస్తారన్న ప్రశ్నకు మాత్రం ఆ ఉత్తరాల్లో జవాబు దొరకదు. ఈ రిచర్డ్ కింగ్ కొడుకే తర్వాత అమెరికా రాజ్యాంగం మీద సంతకం చేసిన రూఫస్ కింగ్.

1770: ఒకే లాయరు, రెండు విచారణలు

1770 మార్చి 5 రాత్రి బోస్టన్ కింగ్ స్ట్రీట్‌లో బ్రిటిష్ సైనికులు గుంపు మీద కాల్చారు. ముగ్గురు అక్కడికక్కడే, ఇద్దరు తర్వాత చనిపోయారు. కెప్టెన్ థామస్ ప్రెస్టన్, ఎనిమిది మంది సైనికుల తరఫున వాదించడానికి ఆడమ్స్ ఒప్పుకున్నారు. ఆయనతో పాటు ముద్దాయిల పక్షాన నిలిచినవారిలో జోసయా క్విన్సీ ఒకరు. ప్రాసిక్యూషన్ వైపు ఉన్న ఇద్దరిలో ఒకరు జోసయా సొంత అన్న శామ్యూల్.

ఈ కేసును సాధారణంగా ధైర్యసాహసాల కథగా చెబుతారు. వకీలు కంటితో చూస్తే ఇందులో అంతకన్నా చిక్కుముడి ఉంది. ప్రెస్టన్‌ను రక్షించాలంటే ‘కాల్చమని ఆయన ఆజ్ఞ ఇవ్వలేదు’ అనాలి. సైనికులను రక్షించడానికి తేలిక దారి ‘పై అధికారి ఆజ్ఞ ప్రకారమే కాల్చాం’ అనడం. రెండూ ఒకేసారి నిజం కావు. అందుకే తమనూ కెప్టెన్‌తో కలిపి విచారించమని సైనికులు అర్జీ పెట్టుకున్నారు. కోర్టు ఒప్పుకోలేదు. ఇప్పటి ప్రమాణాల ప్రకారం ఈ ఇద్దరు కక్షిదారుల కేసులూ ఒకే లాయరు చేతిలో ఉండటమే అభ్యంతరకరం.

అక్టోబరు 24 నుంచి 30 దాకా జరిగిన మొదటి విచారణలో, ఆజ్ఞ ఎవరిచ్చారో సాక్షులు తలోమాట చెప్పడంతో ప్రెస్టన్ బయటపడ్డారు. దాంతో సైనికులకు ‘ఆజ్ఞ ప్రకారమే కాల్చాం’ అని చెప్పుకునే దారి పోయింది. నవంబరు 27న మొదలైన రెండో విచారణలో ఆడమ్స్ దారి మార్చి ఆత్మరక్షణ వాదన ఎత్తుకున్నారు. దాన్ని రెండు మెట్లుగా పేర్చారు. గుంపు దాడితో ప్రాణాపాయం ఏర్పడితే కాల్పులు నేరమే కాదు. అంత అపాయం లేదనుకున్నా, రెచ్చగొట్టడం జరిగింది కనుక అది హత్య కిందికి రాదు, దానికన్నా తక్కువ నేరమైన నరహత్య అవుతుంది. జ్యూరీ మొదటి మెట్టు ఎక్కకపోయినా రెండో మెట్టు దగ్గర ఆగితే చాలు, ముద్దాయిల మెడకు ఉరి తప్పుతుంది. జ్యూరీలో బోస్టన్ నివాసి ఒక్కరూ లేకుండా అభ్యంతరాలతో ఏరివేయడం ఇంకో జాగ్రత్త.

అన్నిటికన్నా బాగా పనిచేసింది ఒక మరణ వాంగ్మూలం. గాయపడి కొన్ని రోజులు బతికిన పాట్రిక్ కార్, సైనికులు ఆత్మరక్షణ కోసమే కాల్చారని, తనను కాల్చినవాడి మీద పగ లేదని చెప్పినట్టు వైద్యం చేసిన డాక్టర్ జాన్ జెఫ్రీస్ కోర్టులో చెప్పారు. మామూలుగా ఇంకొకరు చెప్పగా విన్న మాట సాక్ష్యం కాదు. చావు తప్పదని తెలిసినవాడి మాటకు మాత్రం మినహాయింపు.

డిసెంబరు 5న ఆరుగురు నిర్దోషులుగా తేలారు. ఎవరి తుపాకీ గుండు ఎవరికి తగిలిందో వాళ్ల విషయంలో రుజువు కాలేదు. సాక్ష్యం స్పష్టంగా ఉన్న మాథ్యూ కిల్‌రాయ్, హ్యూ మాంట్‌గొమరీ ఇద్దరికీ నరహత్య నేరం పడింది. ఒకప్పుడు మతాధికారులకు మాత్రమే ఉండి, తర్వాత మొదటిసారి నేరం చేసిన మామూలు మనుషులకూ అందిన ఒక మినహాయింపును వాడుకుని వాళ్లు మరణశిక్ష తప్పించుకున్నారు. ఆ వెసులుబాటు ఒక్కసారే. రెండోసారి అడగకుండా బొటనవేలి మీద వాత పెట్టి వదిలేశారు.

ఈ విజయంలో మెచ్చుకోలేని భాగమూ ఉంది. చనిపోయినవారిలో నల్లజాతి మూలాలున్న క్రిస్పస్ ఆటక్స్ ఉన్నారు. ఆ గుంపును నల్లవాళ్లు, మిశ్రమజాతివాళ్లు, ఐరిష్‌వాళ్లు, ఓడ కళాసీల అలగా మందగా ఆడమ్స్ వర్ణించారు. ఆటక్స్ రూపమే ఎవరినైనా భయపెడుతుందన్నారు. జ్యూరీ మనసులోని వివక్షను ఆయన తెలిసే వాడుకున్నారు. ‘వాస్తవాలు మొండివి’ అన్న ప్రసిద్ధ వాక్యమూ ఈ వాదనలోదే. ఆ మాట మనకు అందింది జాన్ హాడ్జ్‌సన్ షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించుకుని తర్వాత అచ్చయిన పాఠం వల్ల. ఫీజుగా మొదట ఒకే ఒక్క గినీ (బంగారు నాణెం) తీసుకున్నానన్న సంగతికి ఆధారం ఆయన ఆత్మకథ. దాన్ని ఆయన మొదలుపెట్టిందే 1802లో. కోర్టు పాఠానికి, ఆత్మకథకు ఒకే తూకం వేయకూడదు.

దారిలో దొరికిపోయిన ఉత్తరాలు

1774 నుంచి ఆడమ్స్ ఫిలడెల్ఫియాలో వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్‌లో ఉంటే, అబిగైల్ బ్రెయిన్‌ట్రీలో పొలం, పిల్లలు, అప్పులు చూసుకున్నారు. మధ్య దూరం 300 మైళ్ల పైమాటే. కవర్లు లేవు. రాసిన కాగితాన్నే మడిచి లక్కతో ముద్ర వేసేవారు. విప్పినప్పుడు ముద్ర కింద కాగితం చిరిగి, అక్కడి మాటలు పోయేవి. ఇప్పటి ముద్రణల్లో అక్కడక్కడ చదరపు బ్రాకెట్లు కనబడటానికి ఇదొక కారణం.

చిరుగుల కన్నా పెద్ద ప్రమాదం ఉత్తరం శత్రువు చేతిలో పడటం. 1775 జులై 24న భార్యకు, మిత్రుడు జేమ్స్ వారెన్‌కు రాసిన ఉత్తరాలను బెంజమిన్ హిచ్‌బోర్న్ అనే యువ లాయరు తీసుకెళుతుండగా రోడ్ ఐలండ్ దగ్గర బ్రిటిష్‌వారు పట్టుకున్నారు. ఆగస్టులో అవి బోస్టన్ పత్రికలో అచ్చయ్యాయి. డబ్బెక్కువ, బుద్ధి తక్కువ అన్న అర్థంలో పేరు చెప్పకుండా ఆడమ్స్ అందులో ఒకరిని ఎత్తిపొడిచారు. ఆ ఒకరు బ్రిటన్‌తో రాజీ కోరే వర్గం నాయకుడు జాన్ డికిన్సన్ అని అందరికీ తెలుసు. సెప్టెంబరులో వీధిలో ఎదురుపడ్డ డికిన్సన్ పలకరించకుండా వెళ్లిపోయారని ఆడమ్స్ డైరీలో ఉంది.

ఈ ఒక్క సంఘటన ఆయన తర్వాతి రాతను మార్చింది. 1778లో యూరప్ వెళ్లాక ఉత్తరాలు పొట్టివయ్యాయి, పొడిగా మారాయి. అబిగైల్ నొచ్చుకుని ఫిర్యాదు చేస్తే, దారిలో పట్టుబడి పత్రికల్లో పడతాయన్న భయంతోనే మనసు విప్పి రాయడం లేదని బదులిచ్చారు. అట్లాంటిక్ దాటడానికి నెలలు పట్టేది. ఓడ పట్టుబడేలా ఉంటే ఉత్తరాల సంచిని సముద్రంలో పడేసేవారు. అందుకే ముఖ్యమైన ఉత్తరానికి రెండు మూడు నకళ్లు వేర్వేరు ఓడల్లో పంపేవారు. ఆ కాలపు ఉత్తరాల్లో చల్లదనం చూసి వాళ్ల కాపురం మీద తీర్పు చెప్పేవారు ఈ భయాన్ని లెక్కలో వేసుకోవడం లేదు.

1776 జూన్ 2న ఆడమ్స్ భార్యకు ఒక సంగతి రాశారు. ఇరవై ఏళ్లుగా ఉత్తరాలు రాస్తున్నా ఒక్కదానికీ నకలు ఉంచుకోలేదని, ఇప్పుడొక పెద్ద తెల్లకాగితాల పుస్తకం కొన్నానని, నువ్వూ అలాగే చెయ్యమని. ఆ రోజు నుంచి ఆయన ఉత్తరాలకు చాలావాటికి రెండు రూపాలున్నాయి: అందుకున్నవారి దగ్గర మిగిలిన ప్రతి, ఆయన లెటర్‌బుక్‌లోని (ఆ నకళ్ల పుస్తకంలోని) ప్రతి. రెండూ అక్షరాలా ఒకేలా ఉండవు.

ఒకే ప్రశ్న, ఇద్దరికి రెండు జవాబులు

కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్లను గుర్తుంచుకోండని 1776 మార్చి 31న అబిగైల్ రాశారు. భర్తల చేతికి హద్దులేని అధికారం ఇవ్వొద్దన్నారు. నీ చట్టం చూస్తే నవ్వొస్తోందని ఏప్రిల్ 14న ఆడమ్స్ జవాబు. ఈ రెండు వాక్యాలతోనే సాధారణంగా కథ ముగిస్తారు. ఆరు వారాల తర్వాత, మే 26న జేమ్స్ సల్లివన్ అనే మసాచుసెట్స్ లాయరుకు రాసిన ఉత్తరం చదివితే ఆ నవ్వు వెనక ఉన్న ఇబ్బంది తెలుస్తుంది. ప్రజల సమ్మతే ప్రభుత్వానికి ఆధారమైతే ఆడవాళ్లను ఎందుకు వదిలేయాలి, ఆస్తి లేనివాళ్లను ఎందుకు వదిలేయాలి అన్న ప్రశ్నను ఆడమ్స్ అక్కడ తానే ఎత్తుకున్నారు. ఓటు అర్హతను ఒకసారి కదిపితే అంతు ఉండదని, ఆడవాళ్లు, 21 ఏళ్లు నిండని కుర్రాళ్లు, చేతిలో కాసు లేనివాళ్లు అందరూ అడుగుతారని హెచ్చరించారు. సిద్ధాంతం ఎక్కడికి తీసుకెళుతుందో ఆయనకు తెలుసు. తెలిసే ఆగిపోయారు. భార్య దగ్గర ఆ ప్రశ్నను నవ్వులాటగా కొట్టిపారేశారు, తోటి లాయరు దగ్గర మాత్రం పూర్తి వాదన విప్పారు. ఒక ఉత్తరమే చదివినవారికి సగం ఆడమ్సే దొరుకుతారు.

రాజ్యాంగానికి చేరిన ఉత్తరం

స్వతంత్ర ప్రభుత్వం ఎలా ఉండాలో రాసివ్వమని నార్త్ కరోలినా ప్రతినిధులు విలియం హూపర్, జాన్ పెన్ అడిగితే, 1776 వసంతంలో ఆడమ్స్ ఉత్తరాల రూపంలో ఒక నమూనా రాసిచ్చారు. అది చూసి వర్జీనియాకు చెందిన జార్జ్ విత్ కూడా అడిగారు. విత్‌కు రాసినదాన్ని రిచర్డ్ హెన్రీ లీ ఏప్రిల్‌లో చిన్న పుస్తకంగా అచ్చు వేయించారు. రెండు సభలు, వేరుగా నిలిచే కార్యనిర్వాహక శాఖ, సత్ప్రవర్తన ఉన్నంతకాలం కదిలించలేని జడ్జీలు అందులోని ముఖ్యాంశాలు. 1779లో మసాచుసెట్స్ రాజ్యాంగం చిత్తుప్రతి ఆయన చేతికి వచ్చినప్పుడు ఇవే అందులోకి వెళ్లాయి. సవరణలతో ఆ రాజ్యాంగం ఇప్పటికీ అమల్లో ఉంది. మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుట్టారన్న దాని మొదటి అధికరణాన్ని ఆధారం చేసుకునే బానిసత్వం చెల్లదని 1783లో ప్రధాన న్యాయమూర్తి విలియం కుషింగ్ క్వాక్ వాకర్ కేసులో జ్యూరీకి చెప్పారు.

జ్ఞాపకం చేసే మోసం

స్వాతంత్ర్య తీర్మానం మీద ఓటింగ్ 1776 జులై 2న జరిగింది. మరునాడు, జులై 3న, ఆడమ్స్ భార్యకు రెండు ఉత్తరాలు రాశారు. ఊరేగింపులు, ఆటలు, తుపాకులు, గంటలు, దీపాలతో జులై 2ను తరతరాలు జరుపుకుంటాయని రెండోదాంట్లో ఉంది. జులై 4న ఆమోదం పొందింది ప్రకటన పాఠం. పండుగ ఆ తేదీకి స్థిరపడటంతో, ఆడమ్స్ జోస్యం తప్పినట్టు కనబడకుండా ఉత్తరం తేదీని జులై 5గా, ‘రెండో తేదీ’ని ‘నాలుగో తేదీ’గా మార్చిన రూపం చాలాకాలం అచ్చులో తిరిగింది. అసలు ప్రతి ఉంది కాబట్టే ఈ మార్పు బయటపడింది.

‘స్వాతంత్ర్య శిశువు’ వాక్యం దారి వేరు. సోదా వారెంట్లకు వ్యతిరేకంగా 1761 ఫిబ్రవరిలో జేమ్స్ ఓటిస్ చేసిన వాదనను పాతికేళ్ల ఆడమ్స్ కోర్టులో కూర్చుని విన్నారు. అప్పుడు రాసుకున్న నోట్సు పొడిపొడిగా, చట్టం పాయింట్లతో ఉంటుంది. శిశువు, అగ్నిజ్వాల లాంటి మాటలు 1817లో విలియం ట్యూడర్‌కు రాసిన ఉత్తరాలవి. వర్జీనియావాళ్లే విప్లవం తెచ్చారన్న ప్రచారానికి మసాచుసెట్స్ తరఫు జవాబుగా ఆ ఉత్తరాలు రాశారన్నది మరవకూడదు. ఓటిస్ వాదన ముఖ్యమైనదే. దాని చుట్టూ ఉన్న వెలుగు మాత్రం 1817 నాటిది.

స్వాతంత్ర్య ప్రకటన రాసే పని వర్జీనియా ప్రతినిధి థామస్ జెఫర్సన్‌కు ఎలా వచ్చిందన్నదీ ఇలాంటిదే. మేమిద్దరం ఉపసంఘమని, నువ్వు వర్జీనియావాడివి, నాకు విరోధులెక్కువ, నాకన్నా పదింతలు బాగా రాస్తావు అని తానే ఒప్పించానని 86 ఏళ్ల ఆడమ్స్ 1822లో తిమోతీ పికరింగ్‌కు రాశారు. ఉపసంఘమేమీ లేదు, ప్రకటన కోసం వేసిన ఐదుగురి సంఘం నన్నొక్కడినే రాయమంది అని మరుసటి ఏడు జెఫర్సన్ తన మిత్రుడు జేమ్స్ మాడిసన్‌కు రాశారు. అప్పటికి 46, 47 ఏళ్లు గడిచాయి. ఇద్దరి జ్ఞాపకమూ సొంత వైపే మొగ్గింది.

ఇక మూడో వంతు లెక్క. 1815 జనవరిలో జేమ్స్ లాయిడ్‌కు రాసిన ఆ మాట, ఫ్రెంచి విప్లవం పట్ల అమెరికన్లు ఎలా చీలిపోయారన్న సందర్భంలోది. అమెరికా విప్లవం విషయంలో మూడింట రెండు వంతుల జనం మన వైపు ఉన్నారనుకుంటే అది ధారాళమైన లెక్కే అని 1813లో థామస్ మెక్‌కీన్‌కు వేరే రాశారు. అది కూడా అంచనాయే, జనాభా లెక్క కాదు.

పదకొండేళ్ల మౌనం, 158 ఉత్తరాలు

అధ్యక్షుడిగా ఉండగా 1798లో, ప్రభుత్వాన్ని దూషించే రాతలను నేరం చేసిన సెడిషన్ చట్టం మీద ఆడమ్స్ సంతకం చేశారు. దాని కింద వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్ జైలుకు వెళ్లడానికి ఒక కారణం పత్రికలో అచ్చయిన ఆయన ఉత్తరమే. సొంత ఉత్తరాలు పట్టుబడి నలిగిపోయిన మనిషి ఆ చట్టాన్ని ఆమోదించడం ఆయన జీవితంలో సమర్థించడం కష్టమైన ఘట్టం. 1800 ఎన్నికల్లో జెఫర్సన్ చేతిలో ఓడి ఇంటికి చేరాక ఇద్దరి మధ్య ఉత్తరాలు ఆగిపోయాయి. 1804లో జెఫర్సన్ కూతురు చనిపోతే అబిగైల్ భర్తకు చెప్పకుండా పరామర్శ ఉత్తరం రాశారు. అది కొన్ని నెలల వాదులాటగా మారింది. చివరికి అన్నీ చదివిన ఆడమ్స్ వాటి అడుగున రాసింది ఇంతే: ఇదంతా నాకు తెలియకుండా జరిగింది, ప్రస్తుతం ఇక్కడ నేను చెప్పేదేమీ లేదు. దస్తావేజు మీద వకీలు రాసే ఎండార్స్‌మెంట్ అది.

ఇద్దరికీ మిత్రుడైన డాక్టర్ బెంజమిన్ రష్ పట్టువిడవని రాయబారంతో 1812 జనవరి 1న ఆడమ్స్ మళ్లీ రాశారు. ‘ఇంట్లో నేసిన రెండు గుడ్డముక్కలు’ పంపుతున్నానన్నారు. ఉత్తరం ముందు చేరింది, పొట్లం వెనకబడింది. అవి నిజంగా బట్టలే అనుకున్న జెఫర్సన్ వర్జీనియాలో ఇళ్లలో నేత ఎంత పెరిగిందో వివరిస్తూ జవాబు రాశారు. తీరా విప్పితే అవి ఆడమ్స్ కొడుకు జాన్ క్విన్సీ ఉపన్యాసాల రెండు సంపుటాలు. అప్పటి నుంచి 1826 దాకా నడిచిన 158 ఉత్తరాల్లో 109 ఆడమ్స్‌వి, 49 జెఫర్సన్‌వి. చివరి ఏళ్లలో ఆడమ్స్ చేతులు వణికి, ఇంట్లోవాళ్లకు చెప్పి రాయించేవారు. కాబట్టి ఆ ఉత్తరాల్లో దస్తూరి ఆయనది కానంత మాత్రాన అనుమానపడక్కర్లేదు.

ఈ స్నేహానికీ ఉత్తరమే గండం తెచ్చింది. జెఫర్సన్‌ను ఆడిపోసుకుంటూ 1803 నుంచి విలియం కనింగ్‌హామ్‌కు గుట్టుగా రాసిన ఉత్తరాలను, కనింగ్‌హామ్ చనిపోయాక ఆయన కొడుకు 1823లో అచ్చు వేయించారు. జాన్ క్విన్సీ అధ్యక్ష పదవికి పోటీపడుతున్న సమయమది. అచ్చు వెనక ఉద్దేశం దాచినా దాగేది కాదు. ఆ మాటలు తన మనసులో నాటుకోవని జెఫర్సన్ అక్టోబరు 12న రాశారు. ఆ ఉత్తరాన్ని పొద్దున ఫలహారం బల్ల దగ్గర ఇంటిల్లిపాదికీ చదివించానని ఆడమ్స్ బదులిచ్చారు.

అచ్చులోకి వచ్చిన తీరు, సరిచూసుకునే దారి

జాన్, అబిగైల్‌ల మధ్య నడిచిన ఉత్తరాల్లో మిగిలినవే 1,100 పైచిలుకు. మనవడు చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ 1840లో నాయనమ్మ ఉత్తరాలు, 1850ల్లో తాత రచనలు పది సంపుటాలుగా అచ్చు వేశారు. ఆ ముద్రణల్లో స్పెల్లింగు దిద్దారు, మర్యాద కాదనుకున్న ఇంటి విషయాలు, గర్భం, జబ్బుల లాంటివి తగ్గించారు. కుటుంబ ట్రస్టు చేతిలో ఉన్న కాగితాలు 1956లో మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీకి చేరాకే పూర్తి పాఠాలు వెలువడటం మొదలైంది. కేసుల కాగితాలకు 1965లో విడిగా మూడు సంపుటాలు వచ్చాయి. 2013 నుంచి అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వారి ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో ఇవి చాలావరకు ఉచితం.

ఎక్కడైనా ఆడమ్స్ మాట కనబడితే ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో ఆ వాక్యంలోని నాలుగైదు పదాలతో వెతకాలి. ఆయన స్పెల్లింగు ఇప్పటిది కాదు కనుక ఒక పదంతో దొరక్కపోతే ఇంకో పదంతో ప్రయత్నించాలి. దొరికాక ముందు తేదీ, ఎవరికి రాశారన్నది చూసి, ఆ పేరా ముందూ వెనకా చదవాలి. లాయిడ్ ఉత్తరంలో పొరపాటు జరిగింది ఆ రెండు పేరాలు చదవకపోవడం వల్లే. పాఠం అడుగున సంపాదకులు అది అందుకున్నవారి ప్రతా, లెటర్‌బుక్ ప్రతా, చిత్తుప్రతా అని చెబుతారు. కోపంలో రాసి, పంపకుండా ఆపేసిన ఉత్తరాలు ఆడమ్స్ లెటర్‌బుక్‌లో లేకపోలేదు. లెటర్‌బుక్ ప్రతి ఒక్కటే ఉండి, అవతలివైపు అందిన జాడ లేకపోతే ఆడమ్స్ అలా రాసుకున్నారని చెప్పవచ్చు గానీ, ఫలానావారికి అలా చెప్పారని అనడానికి ఆధారం చాలదు.